హీరో డేట్లతో పాటు ఎండ డేట్లు కూడా చూడండి

విజయవాడ, గుంటూరు ప్రాంతాలకు షూటింగ్‌కి వచ్చే నిర్మాతలకు, దర్శకులకు, ప్రొడక్షన్ మేనేజర్లకు

నమస్కారం.

నేను గుంటూరు వాణ్ణి. పదిహేడేళ్లుగా కెమెరా డిపార్ట్‌మెంట్‌లో ఉన్నాను. లెన్స్ పెట్టెలు మోశాను, ఫోకస్ పట్టాను, ఆరేళ్లుగా ఛాయాగ్రాహకుడిగా నా పేరు తెర మీద పడుతోంది. మీ అందరికీ తెలిసేంత పెద్ద పేరు కాదు. కానీ కృష్ణకు ఈ ఒడ్డునా ఆ ఒడ్డునా ఏ వీధిలో ఏ వేళకు ఎండ ఎలా పడుతుందో చూస్తూ పెరిగినవాణ్ణి. ఆ చనువుతోనే ఈ ఉత్తరం రాస్తున్నాను.

పోయిన వారం ఒక మేనేజర్ గారు ఫోన్ చేశారు. మే నెలలో విజయవాడ, గుంటూరు చుట్టుపక్కల 18 రోజుల షెడ్యూల్, దాదాపు అంతా అవుట్‌డోర్. లొకేషన్లు జనవరిలోనే చూసి ఖాయం చేశారట. పర్మిషన్లకు కాగితాలు పెట్టేశారు, ఆర్టిస్టుల డేట్లు తీసుకున్నారు, హోటల్ రూములు కూడా మాట్లాడేశారు. అన్నీ అయ్యాక ఆఖరున కెమెరామ్యాన్‌కి ఫోన్. ప్రకాశం బ్యారేజీ దిగువన ఇసుకలో తల్లీకొడుకుల సీను ఉందన్నారు. ‘ఏ టైముకి పెట్టారండీ?’ అని అడిగాను. ‘పదకొండు నుంచి రెండు సార్, పొద్దున కాంబినేషన్ సీన్లు ఉన్నాయి’ అన్నారు. కాంబినేషన్ అంటే నలుగురైదుగురు ఆర్టిస్టులు కలిసి ఉండే సీన్లు.

మళ్లీ చేస్తానని చెప్పి ఫోన్ పెట్టేశాను. చాలాసేపు అలాగే కూర్చుండిపోయాను. అలాంటి సీను, అదే ఇసుకలో, అదే నెలలో, అదే వేళకు నేను ఒకసారి తీశాను.

మీ అందరినీ నేను అడిగేది ఒక్కటే. లొకేషన్ ఖాయం కాకముందే, షెడ్యూల్ కాగితం మీదికి ఎక్కకముందే మీ కెమెరామ్యాన్‌ను పిలవండి. ఏ సీను ఏ నెలలో, ఏ గంటకు తీయాలో అతన్ని పక్కన కూర్చోబెట్టుకుని రాయండి. అంతా అయ్యాక పిలిచి ‘వెలుతురు మీరు చూసుకోండి’ అంటే మేం చూసుకోగలిగేది చాలా తక్కువ.

ఆ రోజు సంగతి చెబుతాను. రెండేళ్ల కిందట, మే రెండో వారం. ఊరు వదిలి వెళ్తున్న కొడుకుని తల్లి నది దాకా వచ్చి సాగనంపే సీను. రెండు పేజీలు ఉంటుంది, మాటలు తక్కువ. తల్లి ముఖం మీదే నడవాలి. ఉదయం ఆరింటికి తీద్దామని డైరెక్టర్ గారూ నేనూ ముందే అనుకున్నాం. ముందు రోజు రాత్రి ఒంటిగంటన్నర దాకా నైట్ సీను లాగారు. ఇక పొద్దున ఎవరు వస్తారు? మేకప్ వ్యాన్ తొమ్మిదికి వచ్చింది, జనరేటర్ పదికి వచ్చింది. ఫస్ట్ షాట్ పెట్టేసరికి 11:40.

మానిటర్‌లో తల్లి ముఖం చూశాను. కనుబొమల కింద రెండు నల్లటి గుంటలు. ముక్కు నీడ సరిగ్గా పైపెదవి మీద పడి మీసం పెట్టినట్టుంది. నుదురు, చెంపల ఎముకలు తెల్లగా మండిపోతున్నాయి. కింద ఇసుక నుంచి లేచే వెలుగు గడ్డం కింద కొడుతోంది. ఆమె గొప్ప నటి. కళ్లతో ఎంత చేస్తోందో నాకు పక్కన నిలబడితే తెలుస్తోంది, కెమెరాలో చూస్తే తెలియడం లేదు. ఆ కళ్లు నీడలో ఉన్నాయి.

ఏం చేస్తాం, ఇరవై అడుగుల స్కిమ్మర్ కట్టించాను. తెలియని వాళ్ల కోసం చెబుతున్నాను, స్కిమ్మర్ అంటే ఇనుప ఫ్రేముకి పరిచిన తెల్లటి పల్చటి గుడ్డ. ఎండ దాని గుండా దిగితే మెత్తబడుతుంది. ఏటి గాలికి అది తెరచాపలా లాగుతుంది, నాలుగు మూలలా తాళ్లు పట్టుకుని మనుషులు నిలబడాలి. వాళ్లకు మాత్రం ఏ నీడా ఉండదు. మూడో టేక్‌లో నదివైపు మూల పట్టుకున్న లైట్‌మ్యాన్ మోకాళ్ల మీద కూలిపోయాడు. యాభై దాటిన మనిషి, అందరం బాబాయ్ అని పిలుస్తాం. ఆయన చేతిలో తాడు జారింది, ఫ్రేము ఒక పక్కకి ఒరిగి ఆ నటికి మూడడుగుల దూరంలో ఇసుకలో గుచ్చుకుంది. వ్యాన్ నీడలోకి మోసుకెళ్లి తడి టవల్ వేశాం. కళ్లు తెరవగానే ఆయన అడిగిన మొదటి మాట, ‘గుడ్డ చిరిగిందా సార్?’

ఆయన్ను ఆస్పత్రికి పంపారు. ప్రాణాపాయం లేదు, రెండు రోజుల్లో కోలుకున్నాడు. గంట తర్వాత షూటింగ్ మళ్లీ మొదలైంది. ‘రెడీ సార్’ అని డైరెక్టర్ గారికి చెప్పింది నేనే. ఆ మాట చెప్పకుండా ఉండాల్సింది అని ఇప్పటికీ అనుకుంటూ ఉంటాను. తప్పు ప్రొడక్షన్ ఒక్కరిదే అని నేను అనడం లేదు. ముందు రోజు రాత్రి పదకొండింటికే ‘రేపు పొద్దున సీను ఉంది, ఆపేద్దాం’ అని నేను గట్టిగా అనలేదు. అనే అధికారం నాకుందని నాకే నమ్మకం లేదు. కెమెరామ్యాన్‌కి ఆ అధికారం కాగితం మీద ఉండాలి అనేది ఆ రోజు ఇసుకలో నాకు తెలిసొచ్చింది.

ఇప్పుడు ఎండ లెక్క చెప్పనివ్వండి. ఇది నా అభిప్రాయం కాదు, ఆకాశం లెక్క. విజయవాడ భూమధ్యరేఖకు ఉత్తరంగా 16.5 డిగ్రీల మీద ఉంది. అందువల్ల ఏడాదిలో రెండుసార్లు, మే 6 ప్రాంతంలో ఒకసారి, ఆగస్టు 7 ప్రాంతంలో ఒకసారి, మధ్యాహ్నం పన్నెండు దాటిన కొద్ది నిమిషాలకు సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. నిలువుగా పాతిన కర్రకు నీడ పడదు. నీడ పడని వేళ మనిషి ముఖం మీద నీడలన్నీ కిందికే దిగుతాయి. డిసెంబర్ చివర్లో అయితే అదే సూర్యుడు మిట్టమధ్యాహ్నం కూడా 50 డిగ్రీల ఎత్తు దాటడు, దక్షిణం వైపు వాలి ఉంటాడు. డిసెంబర్‌లో మధ్యాహ్నం పన్నెండింటికి సీను పెట్టండి, సంతోషంగా తీస్తాను. మేలో ఆ 50 డిగ్రీలు ఉదయం తొమ్మిదింబావుకే దాటిపోతాడు, మళ్లీ మూడు గంటలకు గానీ దిగడు. అంటే వేసవిలో అవుట్‌డోర్‌లో ముఖాలు తీయడానికి మనకున్నది పొద్దున మూడున్నర గంటలు, సాయంత్రం మూడున్నర గంటలు.

ఈ పాఠం నాకు ఫిల్మ్ స్కూల్లో రాలేదు. మా నాన్నకు బ్రాడీపేటలో చిన్న ఫొటో స్టూడియో ఉండేది. లోపల లైట్లున్నా, పెళ్లిచూపుల ఫొటో తీయమని ఎవరైనా అమ్మాయిని తీసుకొస్తే ఆయన ఇంటి ఉత్తరం వరండాలో కూర్చోబెట్టేవాడు. ఏడాదిలో ఎక్కువ రోజులు ఎండ దక్షిణం నుంచే పడుతుంది కాబట్టి ఉత్తరం వరండాలో వెలుతురు మెత్తగా, కదలకుండా ఉంటుంది. మే వచ్చిందంటే మాత్రం కుర్చీ అక్కడినుంచి తీసేసేవాడు. ఆ నెలల్లో సూర్యుడు ఉత్తరానికి జరుగుతాడు, పొద్దునా సాయంత్రం ఎండ ఏటవాలుగా ఆ వరండాలోకే వచ్చేస్తుంది. ఆగస్టు రెండో వారంలో కుర్చీ మళ్లీ పాతచోటికి వచ్చేది. ఆయనకు అక్షాంశాల లెక్క తెలియదు. గచ్చు మీద ఎండ గీత ఎక్కడిదాకా వచ్చిందో చూసి కుర్చీ జరిపేవాడు. నాలుగొందల రూపాయల ఫొటోకి ఆయన చూసుకున్నంత కూడా కోట్ల సినిమాకి మనం చూసుకోవడం లేదే అని నా బాధ.

‘డీఐలో చూసుకుందాంలే’ అని మీరంటారు. డీఐ అంటే షూటింగ్ అయ్యాక కంప్యూటర్‌లో రంగులు, వెలుతురు సరిచేసే పని. ఈ ఒక్క మాట మా డిపార్ట్‌మెంట్‌ని ఎంత బాధపెడుతుందో మీకు చెప్పాలి. ఇసుకలో తీసిన ఆ సీను డీఐకి హైదరాబాద్ వెళ్లింది. కలరిస్ట్ మంచి పనిమంతుడు. తల్లి ముఖం చుట్టూ గుండ్రంగా గీసుకుని కళ్ల దగ్గర నీడ పైకి లేపాడు. నీడ తగ్గింది, దాని బదులు అక్కడ నాయిస్, అంటే ఇసుక చల్లినట్టు చుక్కలు, వచ్చింది. నుదుటి మీద తెలుపు కిందికి దించాడు, అది బూడిద రంగుకి తిరిగింది. అక్కడ రికార్డయిందే ఏమీ లేదు, దించితే చర్మం ఎక్కడి నుంచి వస్తుంది? కళ్లల్లో ఉండాల్సిన చిన్న మెరుపు చుక్క లేదు. అది లేకపోతే కన్ను బతికున్నట్టు ఉండదు. నాలుగు గంటలు కష్టపడి ఆ అబ్బాయి నావైపు తిరిగి, ‘అన్నా, వెలుతురు పైనుంచి వచ్చింది. దాన్ని పక్కకి నేను జరపలేను’ అన్నాడు. రంగు మార్చొచ్చు, ఎక్కువ తక్కువలు సరిచేయొచ్చు. వెలుతురు ఏ దిక్కు నుంచి వచ్చిందన్నది షూటింగ్ రోజే రాసేసి ఉంటుంది.

1957లో ‘మాయాబజార్’లో ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్‌ట్లే తెర మీద కాయించిన వెన్నెల గురించి మన పెద్దవాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. నలుపు తెలుపు సినిమా, డీఐ అన్న మాట లేదు. ఏది కావాలన్నా కెమెరా తిరిగే ముందే పుట్టించాలి. కాబట్టి ఆయన మాటకు సెట్‌లో విలువ ఉండి తీరాలి. అదే ఏడాది చివర్లో మన ప్రకాశం బ్యారేజీ మీద రాకపోకలు మొదలయ్యాయి. ఆ బ్యారేజీ మీద నిలబడి షూటింగ్ చేసే ప్రతిసారీ ఈ రెండూ ఒక ఏడాదివే అని నాకు గుర్తొస్తుంది.

బ్యారేజీ సంగతి వచ్చింది కాబట్టి, మీరు జనవరిలో లొకేషన్ చూసి మేలో షూటింగ్ పెట్టడం వల్ల ఏం జరుగుతుందో చెబుతాను. బ్యారేజీ మీద నుంచి ఎగువకు, భవానీ ద్వీపం వైపు చూస్తే సూర్యాస్తమయం నీళ్ల మీద బ్రహ్మాండంగా ఉంటుంది. అందరూ ఆ ఫ్రేము కోసమే వస్తారు. కానీ జూన్‌కీ డిసెంబర్‌కీ మధ్య సూర్యుడు దిగే చోటు దాదాపు 50 డిగ్రీలు జరుగుతుంది. చలికాలంలో ఉండవల్లి కొండల వైపు దిగేవాడు, ఎండాకాలంలో ఇంద్రకీలాద్రి వైపు జరుగుతాడు. జనవరిలో మీరు ఫోన్‌లో తీసుకున్న ఫ్రేము మేలో ఉండదు. హీరోయిన్ వెనక సూర్యుడు ఉండాలని ఆర్ట్ డిపార్ట్‌మెంట్ వేసిన సెట్ ప్రాపర్టీ అంతా తప్పు దిక్కున ఉంటుంది. పైగా టైము కూడా మారుతుంది. డిసెంబర్ మొదట్లో ఇక్కడ సూర్యాస్తమయం సుమారు 5:35కి, మే నడుమ సుమారు 6:30కి. ఎప్పుడైనా సరే, సూర్యుడు దిగాక ఆకాశంలో పనికొచ్చే వెలుగు ఉండేది 22 నిమిషాల లెక్కే. ఆ వెలుగు వేళనే ‘మ్యాజిక్ అవర్’ అంటారు. చలిదేశాల్లో తీసిన సినిమాలు చూసి అది గంట అనుకుంటారు. మన దగ్గర సూర్యుడు దాదాపు నిలువునా దిగిపోతాడు. ఆ 22 నిమిషాల్లో నాలుగు షాట్లు, రెండు కాస్ట్యూమ్ ఛేంజ్‌లు రాసిన కాల్‌షీట్ నేను చూశాను. చివరికి ఒక షాట్ తీశాం, మిగిలినవి ఊరికే టెన్షన్ పడి పాడుచేసుకున్నాం.

విజయవాడ పాతబస్తీ వన్‌టౌన్‌లో ఇంకో చిక్కు ఉంది. ఇంద్రకీలాద్రికి తూర్పున, కొండ కాళ్ల దగ్గరున్న సందుల్లో సాయంత్రం ముందే అయిపోతుంది. గడియారం ప్రకారం ఎండ ఇంకా గంటకు పైగా ఉండాలి, కానీ కొండ నీడ పాత మేడల మీద పడిపోయి ఉంటుంది. ఆ నీడ మెత్తగా, చల్లగా, ఎంత బావుంటుందో. అక్కడ నాలుగున్నర తర్వాత మాటల సీన్లు పెట్టుకుంటే ఒక్క పెద్ద లైటు కూడా అక్కర్లేదు. తెలియనివాళ్లు మధ్యాహ్నం ఒంటిగంటకు ఆ సందుల్లో సగం ఎండ, సగం నీడ మధ్య హీరోని నడిపిస్తారు, ప్రతి మూడడుగులకీ నా ఎక్స్‌పోజర్, అంటే కెమెరాలోకి తీసుకోవాల్సిన వెలుతురు లెక్క, మారిపోతుంది.

కాలువల సంగతి కూడా అంతే. విజయవాడ అంటే బందరు కాలువ, ఏలూరు కాలువ, రైవస్ కాలువ అని కథలో రాసుకుంటారు. వేసవిలో కాలువలకు నీళ్లు ఆపేస్తారు. మేలో వచ్చి కాలువ గట్టున ప్రేమ పాట అంటే అడుగున బురదా ప్లాస్టిక్కే కనిపిస్తాయి. వానాకాలం పంటకు నీళ్లు వదిలాక రండి.

మిర్చి గురించి కాస్త ఎక్కువే చెప్పాలి, గుంటూరు వచ్చేవాళ్లందరూ మిర్చి కోసమే వస్తారు కాబట్టి. కల్లాల్లో కాయలు ఎండేది ముఖ్యంగా ఫిబ్రవరి, మార్చి, ఏప్రిల్ నెలల్లో. ఎకరాల కొద్దీ ఎర్రగా పరిచి ఉంటాయి. ఎండలో చూస్తే కన్ను చెదురుతుంది. మీరు డ్రోన్ ఎగరేసి మానిటర్‌లో చూసి ‘అబ్బ’ అంటారు. ఆ అబ్బ వెనక ఒక ప్రమాదం ఉంది. డిజిటల్ కెమెరా వెలుతురును ఎరుపు, ఆకుపచ్చ, నీలం అని మూడుగా తీసుకుంటుంది. మొత్తం వెలుతురు లెక్కలో ఎరుపు వాటా ఐదో వంతుకు కాస్త ఎక్కువ, అంతే. మిరపకాయల మీద నేరుగా ఎండ కొట్టినప్పుడు ఎరుపు ఒక్కటే నిండిపోయి పొంగిపోతుంది, మీటర్ మాత్రం అంతా బాగానే ఉందని చూపిస్తుంది. తర్వాత పెద్ద తెర మీద చూస్తే కాయ కనిపించదు. ముడతలు, తొడిమ, కాయకీ కాయకీ మధ్య నీడ, ఎండిన చర్మం మీద ఆ నిగనిగ, ఏదీ ఉండదు. నేల మీద ఎర్ర దుప్పటి పరిచినట్టు ఒకటే ముద్ద.

నేను ఒకసారి ఉదయం 6:40కి ఒక కల్లంలో కాయలు ఏరే పెద్దావిడ చేతులు తీశాను. మంచు ఇంకా పూర్తిగా విడలేదు. ఎండ పక్కనుంచి, నేలకు దాదాపు సమాంతరంగా వస్తోంది. ప్రతి కాయ పక్కనా దాని నీడ ఉంది. తాలు కాయలు ఒకవైపు, మంచి కాయలు ఒకవైపు విసురుతుంటే ఆవిడ వేళ్ల సందుల్లో పట్టిన ఎర్ర దుమ్ము కూడా తెలిసింది. ఆ షాట్‌కి నేను వాడింది ఒక థర్మాకోల్ ముక్క. నలుగురం, పదిహేను నిమిషాలు. అదే కల్లంలో అదే రోజు పదకొండింటికి పెద్ద యూనిట్‌తో తీసిన వైడ్ షాట్‌కి రెండు గంటలు పట్టింది, ఎడిటింగ్‌లో అది ఎగిరిపోయింది. చేతుల షాట్ సినిమాలో ఉంది.

మిర్చి యార్డులో తీసేటప్పుడు ఇంకొక మాట. టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, దించేచోట బ్లోయర్ పెట్టి దుమ్ము లేపమని అడక్కండి. ఆ ఘాటుకి యూనిట్ మొత్తం దగ్గుతుంది, అక్కడ పని చేసే హమాలీలు మనకోసం పని ఆపుకుని పక్కకి జరగాలి. సహజంగా అక్కడ లేచే దుమ్ము చాలు. రేకుల షెడ్డు కంతల్లోంచి ఎండ దిగే వేళ చూసుకుని వెళ్తే అదే కావలసినంత.

రాత్రి సీన్లకు విజయవాడ బీసెంట్ రోడ్డు లాంటి బజార్లు అడుగుతారు. మన కరెంటు సెకనుకు 50 సార్లు తిరుగుతుంది, దాంతో పాత ట్యూబ్‌లైట్లు, చౌక ఎల్ఈడీ బోర్డులు సెకనుకు 100 సార్లు మినుకుతాయి. కంటికి తెలియదు, కెమెరాకి తెలుస్తుంది. సెకనుకు 24 ఫ్రేముల దగ్గర కెమెరా షట్టర్ కోణం 172.8 డిగ్రీలు పెట్టుకుంటే చాలావరకు సర్దుకుంటుంది. అక్కడికి వచ్చాక ‘స్లో మోషన్ కావాలి’ అన్నారంటే మాత్రం వెనక ఉన్న అంగళ్ల లైట్లన్నీ తెర మీద మినుకుతాయి. ముందు చెబితే ఏ కొట్టు ముందు పెట్టాలో, ఏ బోర్డు ఆపమని బతిమాలుకోవాలో చూసుకుంటాం. ముందు రోజు రాత్రి ఒక్క అరగంట టెస్ట్ షాట్లు తీసుకోనిస్తే చాలు.

మీ వైపు కష్టం నాకు తెలియదని అనుకోవద్దు. ఫైనాన్స్ తెచ్చిన డబ్బుకి రోజుకింత వడ్డీ ఎక్కుతుంది. పెద్ద ఆర్టిస్టు నాలుగు రోజులే ఇస్తే ఆ నాలుగు రోజుల్లోనే తీయాలి. రోడ్డు మూయడానికి పోలీసులు ఇచ్చిన టైము మన చేతుల్లో ఉండదు. నిర్మాత ఇల్లు తాకట్టు పెట్టి సినిమా పూర్తి చేయడం నేను దగ్గరుండి చూశాను. అందుకే మధ్యాహ్నం ఖాళీగా కూర్చుందామని నేను అనడం లేదు. ఎండ వేళ లోపలికి వెళ్దాం. ఇళ్ల లోపలి సీన్లు, కారు లోపలి సీన్లు, ఇన్సర్ట్‌లు (చేతులు, వస్తువుల లాంటి చిన్న షాట్లు), పాత పెంకుటిళ్ల వసారాలు, అవన్నీ పదిన్నర నుంచి మూడింటి దాకా పెట్టుకుందాం. అవుట్‌డోర్‌కి దగ్గర్లోనే ఒక ఇండోర్ చూసిపెట్టుకుంటే బండ్లు తిప్పే టైము కూడా మిగులుతుంది. ఆ ఇసుక సీనుకి ఆరు గంటలు పట్టింది, తర్వాత తల్లి క్లోజప్‌లు చాలక ప్యాచ్ వర్క్‌కి, అంటే తక్కువైన షాట్లు మళ్లీ తీయడానికి, ఇంకో రోజు, ఆవిడ డేటు, మళ్లీ వ్యాన్లు, మళ్లీ డీఐ. పొద్దున ఆరింటికి తీసి ఉంటే తొమ్మిదింటికల్లా అయిపోయేది. ఖర్చు పెరుగుతుందని భయపడేవాళ్లు ఈ ఒక్క లెక్క మీ ప్రొడక్షన్ పుస్తకంలో వేసి చూసుకోండి.

యంత్రాలకు కూడా హద్దు ఉంటుంది. మనం వాడే సినిమా కెమెరాలకు కంపెనీలు రాసే గరిష్ఠ వేడి 40, 45 డిగ్రీల దగ్గరే. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని మన సామెత. ఆ ఎండలో నల్లటి కెమెరా బాడీ మీద చెయ్యి పెడితే కాలుతుంది. గొడుగు పట్టి, ఐస్ గుడ్డలు చుట్టి కెమెరాను కాపాడుకుంటాం. లైట్‌మ్యాన్‌కి గొడుగు పట్టేవాళ్లు లేరు. నైట్ షూట్ చేసినవాళ్లకి తర్వాత పొద్దున కాల్ వేయకండి. ఎండలో స్కిమ్మర్ పట్టేవాళ్లను అరగంటకోసారి మార్చడానికి సరిపడా మనుషుల్ని పిలవండి. ఇసుకలో నిలబడేవాళ్లకు మంచి చెప్పులు, మజ్జిగ, కాస్త నీడ ఇవ్వండి. వీటికయ్యే ఖర్చు మీ సినిమాలో ఒక పూట క్యాటరింగ్ ఖర్చుకి కూడా రాదు.

దర్శకులకు ప్రత్యేకంగా ఒక మాట. కథ చెప్పేటప్పుడు మమ్మల్ని కూర్చోబెట్టండి. షాట్లు ఎన్ని, లెన్సులు ఏవి అన్నది తర్వాత మాట్లాడుకోవచ్చు. ఈ సీనులో ఈ తల్లి ఏడుస్తున్నది కొడుకు చూస్తున్నాడా లేదా అన్నది ముందు చెప్పండి. చూడడం లేదంటే ఆమెను వెలుతురుకి వీపు పెట్టి నిలబెడతాను, చూస్తున్నాడంటే కళ్లు కనపడేలా పక్క వెలుగు తెస్తాను. దాన్నిబట్టి పొద్దున తీయాలా సాయంత్రం తీయాలా, నదికి ఈ ఒడ్డునా ఆ ఒడ్డునా అన్నది తేలుతుంది. ఛాయాగ్రహణం అన్న మాటలోనే ఛాయ ఉంది. నీడ ఎక్కడ ఉంచాలో తెలిస్తేనే వెలుగు ఎక్కడ వేయాలో తెలుస్తుంది, ఆ రెండూ కథలోంచే రావాలి.

ఇంకొకటి కూడా అడగాలని ఉంది. మన మనుషుల రంగుని మన రంగులాగే ఉండనివ్వండి. చామనఛాయ, నలుపు, ఎండకు కమిలిన రాగి రంగు, వీటిని పొద్దుటి ఎండలో తీస్తే ఎంత నిండుగా వస్తాయో నాకు తెలుసు. మిట్టమధ్యాహ్నం తీసి, ముఖం మాడిందని డీఐలో తెల్లబరిచి, పొలంలో పని చేసే మనిషిని సున్నం కొట్టిన గోడలా చేస్తున్నాం. మా అమ్మ రంగులో ఉన్న తల్లిని తెర మీద చూసి ఎన్నాళ్లయిందో.

మేనేజర్ గారికి మర్నాడు తిరిగి ఫోన్ చేశాను. ఇసుక సీను ఉదయం 5:45కి మార్చి, కాంబినేషన్ సీన్లలో రెండిటిని సీతానగరంలో ఏదైనా ఇంటి వసారాలోకి జరపమని అడిగాను. ముందు రోజు సాయంత్రం ఏడింటికి ప్యాకప్ చెప్పాలనీ, అది కాల్‌షీట్ మీద రాయాలనీ అడిగాను. మేనేజర్ గారు అంతా ఓపిగ్గా విన్నారు. ‘డైరెక్టర్ గారితో మాట్లాడి చెబుతాను సార్’ అన్నారు. ఇంకా కబురు రాలేదు.

మీలో ఎవరు ఈ వేసవిలో ఇటు వస్తున్నా, షూటింగ్‌కి ముందు ఒక్క పూట నాకివ్వండి. మీ సినిమాకి నేను కెమెరామ్యాన్‌ని కాకపోయినా పర్వాలేదు, మీ కెమెరామ్యాన్‌ను తీసుకురండి. ఉదయం 5:15కి సీతానగరం ఘాట్ మెట్ల దగ్గర ఉంటాను. సూర్యుడు ఎక్కడ లేస్తాడో చూసి, బ్యారేజీ దాటి, వన్‌టౌన్ సందులు తిరిగి, ఏడున్నరకల్లా మంగళగిరి మీదుగా గుంటూరు బయల్దేరదాం. దారిలో ఇడ్లీ తిందాం. దిక్సూచి, నోటు పుస్తకం నేనే తెస్తాను.

ఇట్లు,
గుంటూరు నుంచి
మీ ఛాయాగ్రాహకుల్లో ఒకడు